చార్టర్ మీద నల్లగుడ్డ

ఆ గురువారం వెర్నా టటిల్ వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. పొద్దున్నే గ్రేంజ్ హాలుకి వెళ్ళి గోడ మీది తడిమరకకి తెల్లరంగు పూయడం, వంటవేళకి ఇల్లు చేరడం, మొగుడితో వాదన పెట్టుకోకుండా భోజనం ముగించడం. ఈ మూడింట్లో మూడోదే కష్టమని ఆమె అనుకుంది.

గ్రేంజ్ అంటే రైతుల సోదర సంఘం. వెర్మాంట్ కొండల్లో ఈస్ట్ కార్బెట్ లాంటి ఊళ్ళో రైతుగా పుట్టినవాడికి ఒక చర్చీ ఒక గ్రేంజీ ఉంటాయి. చర్చికి వెళ్ళకపోయినా ఎవరూ పట్టించుకోరు. గ్రేంజ్ వాళ్ళు ఒకర్నొకరు బ్రదర్ అనీ సిస్టర్ అనీ పిలుచుకుంటారు, తిట్టుకునేటప్పుడు కూడా. బడిపిల్లలకి నిఘంటువులు పంచుతారు, చలికోట్లు పోగుచేస్తారు, రోడ్డు పక్క చెత్త ఏరతారు. ఎవరింట్లోనైనా కష్టం వస్తే పిలవకుండానే వచ్చి ఆవుల పాలు పితికి వెళతారు.

అయితే వెర్నా మొగుడు హార్లన్ మూడేళ్ళుగా ఆ హాలు గడప తొక్కలేదు.

"సాయంత్రానికి వానంటున్నారు రేడియోలో," అంది వెర్నా కాఫీ పోస్తూ.

"విన్నాను."

"గడ్డి అంతా పొలంలోనే ఉంది."

"అది నేను కోసిందే. ఎక్కడుందో నాకు తెలుసు."

పై పొలంలో గడ్డి గలగలలాడేలా ఆరి ఉంది. సాయంత్రంలోగా మోపులై కొట్టంలో పడితే చలికాలమంతా ఆవులకి తిండి. తడిసిందా, కుళ్ళిన చెత్త. అప్పుడు సగం మందని అమ్ముకోవలసిందే. ఆ మాట ఇద్దరి మనసులోనూ ఉంది, ఎవరూ పైకి అనలేదు. మోపులు కట్టే బేలర్ మాత్రం ముందురోజు సాయంత్రమే తాడు ముడివేసే భాగం విరగ్గొట్టుకుని, పొట్ట తెరుచుకుని పొలం నడిమధ్య నిలబడిపోయింది. ఆ విడిభాగం దొరికే పట్నం కొండకి అవతల ఉంది.

"మెరిల్ దగ్గర రెండు బేలర్లున్నాయి. ఒక్క ఫోన్ చెయ్యి," అంది వెర్నా.

"చచ్చినా చెయ్యను."

"పోనీ నేను చేస్తా."

"నా కంఠంలో ప్రాణం ఉండగా మెరిల్ స్టాడర్డ్ చెయ్యి నా గడ్డి మీద పడదు. అర్థమైందా?"

అర్థం కాకపోవడానికేముంది? మెరిల్ గ్రేంజ్ అధ్యక్షుడు, హార్లన్‌కి చిన్నప్పటి బడి స్నేహితుడు. మూడేళ్ళ కిందట మీటింగులో హార్లన్ లేచి, ఈ కాలం పిల్లలకి చేతుల్లో ఫోన్లుంటే నిఘంటువులు పంచడమేమిటి, ఇది రైతుల సంఘమా పుస్తకాల దుకాణమా అన్నాడు. మెరిల్ ఏదో అన్నాడు. హార్లన్ ఇంకేదో అన్నాడు. అంతవరకూ ఫరవాలేదు, అలాంటివి ప్రతి మీటింగులోనూ జరిగేవే. కానీ హార్లన్ కోపంగా బయటికి వెళ్ళిపోతూ, బల్ల మీద బైబిల్ తెరిచి ఉండగా, ఆ బల్లకీ అధ్యక్షుడి కుర్చీకీ మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయాడు. గ్రేంజ్‌లో అలా ఎవరూ నడవరు. నిప్పంటుకున్నా గోడవారగా తిరిగి వెళతారు. ఆ తర్వాత మెరిల్, హార్లన్ ఎదురుపడినప్పుడల్లా ఇద్దరిలో ఒకరికి అర్జెంటుగా ఆకాశం చూడవలసిన పని పడేది.

హార్లన్ తన ట్రక్కులో పట్నానికి వెళ్ళాడు. ఫోన్ మాత్రం వంటింటి బల్ల మీద వదిలేశాడు, ఎప్పటిలాగే.

హాల్లో తడిమరక సరిగ్గా చార్టర్ పైన ఉంది. చార్టర్ అంటే అద్దం బిగించిన పాత చట్రంలో, ముత్తాతల సంతకాలతో ఉన్న సంఘం పుట్టుక పత్రం. గ్రేంజ్ వాళ్ళకి అది ప్రాణం. దాని మీద తెల్లరంగు చుక్క పడిందంటే వెర్నా ఊరు వదిలి పోవలసి ఉంటుంది. చట్రాన్ని దించుదామని చూసింది గాని, మేకు తుప్పుపట్టి కదల్లేదు. కప్పడానికి గుడ్డ కోసం అల్మారా తెరిస్తే, చక్కగా మడతపెట్టిన నల్లగుడ్డ ఒక్కటే కనిపించింది.

ఆ గుడ్డ దేనికో వెర్నాకి తెలియక కాదు. సభ్యుల్లో ఎవరైనా పోతే దాన్ని చార్టర్ మీద కప్పుతారు. నెలరోజుల పాటు దాన్ని ఎవరూ ముట్టుకోరు. కానీ గురువారం పొద్దున్న హాలుకి ఎవరొస్తారు? రంగు ఆరగానే మధ్యాహ్నం వచ్చి తీసేయొచ్చు.

గుడ్డ కప్పింది. రంగు పూసింది. ఆ వాసన ఆమెకి పడదు. మరక కనిపించకుండా పోయేసరికి కళ్ళు ఎర్రబడి, ముక్కు కారుతూ, చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటూ తన పికప్ బండి ఎక్కింది.

అదే సమయానికి ఎదురు దారిలో వస్తున్నాడు ఆల్డెన్ పైక్. గ్రేంజ్‌లో ఆయన ద్వారపాలకుడు. మీటింగుకి వచ్చినవాళ్ళని గుమ్మంలో ఆపి సంకేతపదం అడగడం ఆయన ఉద్యోగం. అరవై ఏళ్ళుగా తెలిసినవాళ్ళనే ఇంకా ఎవరు నువ్వని అడుగుతుంటాడు. ఎలుకబోను చూసిపోదామని హాలుకి వస్తున్న ఆయనకి, కళ్ళు తుడుచుకుంటూ బండి నడుపుతున్న వెర్నా కనిపించింది. చెయ్యి ఊపాడు. ఆమె చూడలేదు.

లోపలికి వెళ్ళిన ఆల్డెన్‌కి చార్టర్ మీద నల్లగుడ్డ కనిపించింది.

ఆయన టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. ఆలోచించాడు. వస్తూ వస్తూ చూసిన టటిల్ వాళ్ళ పై పొలం గుర్తొచ్చింది. గడ్డి ఆరి ఉంది, ఎండ కాస్తోంది, సాయంత్రం వాన. పొలం మధ్యలో బేలర్ నోరు తెరుచుకుని ఉంది. హార్లన్ లేడు. ఆ కొండల్లో రైతన్నవాడు అలాంటి గడ్డిని అలాంటి ఎండలో వదిలిపెట్టి పోవడానికి ఒకే ఒక్క కారణం ఉంటుంది.

ఆల్డెన్ నేరుగా యూనిస్ కాబ్ ఇంటికి వెళ్ళాడు. యూనిస్ సేవా కమిటీ పెద్ద. కష్టం వచ్చిన ఇంటికి మొదటి గిన్నె ఆమెదే ఉండాలని ఆమె పట్టుదల.

"హార్లన్ పోయాడు," అన్నాడు ఆల్డెన్.

"ఎవరు చెప్పారు?"

"వెర్నాయే స్వయంగా గుడ్డ కప్పింది. పాపం, ఇంట్లో పీనుగని పెట్టుకుని, ముందు సంఘానికి తెలియాలని పరిగెత్తుకొచ్చింది. ఎంత పద్ధతైన మనిషి!"

"గుండెపోటేనంటారా?"

"గుండెపోటో, ట్రాక్టరో. అడగడం మన పద్ధతి కాదు."

అడగడం వాళ్ళ పద్ధతి కాకపోవడమే వెర్నా కొంప ముంచింది. దుఃఖంలో ఉన్న ఇంటికి ఫోన్ చేసి విసిగించకూడదని గ్రేంజ్ ఆచారం. గిన్నె అరుగు మీద పెట్టి చప్పుడు కాకుండా వెళ్ళిపోవాలి. కాబట్టి ఊరంతా ఊరంతటికీ ఫోన్ చేసింది, వెర్నాకి తప్ప.

వెర్నా వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీసి, తొక్కలు కోళ్ళకి వేద్దామని తలుపు తెరిచేసరికి అరుగు మీద గిన్నెలు వరుసగా ఉన్నాయి. వెన్న, చీజు వేసి ఓవెన్లో కాల్చిన మకరోనీ. దాని పక్కన మళ్ళీ మకరోనీ. దాని పక్కన చిక్కుళ్ళు, ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన పై రొట్టె, ఇంకో మకరోనీ. ప్రతి గిన్నె అడుగునా తెల్ల టేపు మీద పేరు.

వెర్నాకి ఒళ్ళు మండింది. శనివారం హాల్లో చిక్కుళ్ళ విందుంది. వండినవి శనివారం హాలుకి తీసుకురమ్మని ఒక్కొక్కరికీ చెవిలో జోరీగలా చెప్పింది. వీళ్ళు గురువారం తన ఇంటికి తెచ్చి పడేశారు! అన్నీ మోసుకెళ్ళి ఫ్రిజ్‌లో సర్దింది. ఫ్రిజ్ నిండింది. తిరిగి వచ్చేసరికి అరుగు మీద ఇంకో రెండు మకరోనీలు. యూనిస్ కారు వైపు మునివేళ్ళ మీద నడిచి వెళుతోంది.

"యూనిస్! ఆగు! ఏమిటీ పని? నా బుర్ర తినడానికేనా మీరందరూ?"

యూనిస్ వెనక్కి వచ్చి ఆమెని గట్టిగా కావలించుకుంది. "కోప్పడు, తల్లీ. ఎంత కావాలంటే అంత కోప్పడు. అదీ మంచిదే."

"నాకు ఊపిరాడటం లేదు. ఇన్ని మకరోనీలు ఎవరు తింటారు?"

"తినబుద్ధి కాదు, నాకు తెలుసు. మా నాన్న పోయినప్పుడు నాకూ అలాగే ఉండేది."

మధ్యలో మీ నాన్న ఎందుకొచ్చాడే అని వెర్నా అడగబోయింది గాని, ఈలోగా రోడ్డు మీద పెద్ద చప్పుడైంది. చూస్తే ట్రాక్టర్లు. ముందు ట్రాక్టరు మీద మెరిల్ స్టాడర్డ్, వెనక బేలర్. దాని వెనక ఇంకో బేలర్, ఖాళీ బండ్లు, వాటి మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్న సగం ఊరు.

మెరిల్ దిగాడు. ఆమె ఎదురుగా వచ్చి టోపీ తీశాడు. టోపీ కింద మెరిల్‌కి బట్టతల ఉందని వెర్నాకి ఆ రోజే తెలిసింది.

"సిస్టర్ వెర్నా, గడ్డి సంగతి మేం చూసుకుంటాం. నువ్వు లోపలికెళ్ళి కూచో."

"నిజంగానా? మెరిల్, నీ రుణం ఎలా... హార్లన్ ఏమంటాడో..."

మెరిల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాడు పైనుంచి చూస్తూనే ఉంటాడు," అని గిరుక్కున తిరిగి ట్రాక్టరెక్కేశాడు.

వెర్నా నోరు తెరిచింది. వెనక బండి మీదినుంచి ఆల్డెన్ దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చార్టర్ మీద గుడ్డ చూశానమ్మా. నువ్వే కప్పావు కదూ?"

అప్పుడు వెర్నాకి అంతా ఒక్కసారిగా వెలిగింది. రంగు, గుడ్డ, మకరోనీ, మెరిల్ బట్టతల.

"అవును, నేనే కప్పాను. ఆల్డెన్, అసలు ఏం జరిగిందంటే..."

"ఏమీ చెప్పొద్దు."

"అది కాదండీ, హార్లన్..."

"ఒక్క మాట కూడా వద్దు. మాకన్నీ తెలుసు."

మూడోసారి నోరు తెరవబోతూ వెర్నా పడమటి కొండ వైపు చూసింది. కొండ వెనక నల్లటి మబ్బు లేస్తోంది. పై పొలంలో మెరిల్ బేలర్లు రెండూ గడ్డి వరసల్ని కరకరా నమిలి ఒక్కో మోపునీ వెనక్కి వదులుతున్నాయి. ఆమెకి చలికాలం గుర్తొచ్చింది, ఆవులు గుర్తొచ్చాయి. పెద్దవాళ్ళు మాట్లాడొద్దని రెండుసార్లు చెప్పాక కూడా మాట్లాడటం మర్యాద కాదనిపించింది.

నోరు మూసుకుంది.

ఆ మర్యాదకి ఒక్కటే అడ్డం. అది కాసేపట్లో విడిభాగం పట్టుకుని ట్రక్కులో ఇంటికి రాబోతోంది.

"నేనొకసారి అలా వెళ్ళొస్తాను," అని వెర్నా పికప్ వైపు నడిచింది.

"ఈ పరిస్థితిలో బండి నడుపుతావా? నేనూ వస్తా," అంది యూనిస్.

"నాకు కాస్త ఒంటరిగా ఉండాలనుంది." ఆ రోజు పొద్దుటినుంచీ ఆమె అన్న మాటల్లో అంతకంటే నిజమైనది లేదు.

ఊరి చివర, పైకప్పు వేసిన చెక్కవంతెన మీద ఒక్క బండికే చోటు. వెర్నా తన పికప్‌ని దానికి అడ్డంగా పెట్టి కూర్చుంది. ఎక్కువసేపు ఆగక్కర్లేకపోయింది. హార్లన్ ట్రక్కు వచ్చి ఆగి, హారన్ మోగించి, మళ్ళీ మోగించి, చివరికి హార్లన్‌ని దించింది.

"దారికడ్డం తియ్యి! ఆ పనికిమాలినవాడు ఇంకేదో యంత్రానిది ఇచ్చాడు. అయినా సాగదీసి బిగిస్తా. మబ్బు చూశావా?"

"చూశాను. నువ్వు ఇంటికి రాకూడదు."

"ఎందుకు?"

"నువ్వు చచ్చిపోయావు."

హార్లన్ ఆమెని ఎగాదిగా చూశాడు. "ఎప్పుడు?"

"పొద్దున."

వెర్నా చెప్పింది. రంగు దగ్గర మొదలుపెట్టి మకరోనీ దాకా వచ్చేసరికి హార్లన్ మొహం బీట్‌రూట్ రంగుకి తిరిగింది.

"నీకు మతి పోయిందా? వెళ్ళి చెప్పెయ్!"

"చెప్తా. గడ్డి లోపల పడ్డాక."

"నా గడ్డి మీద మెరిల్ చెయ్యి పడిందా?"

"నీ కంఠంలో ప్రాణం ఉండగా పడదన్నావు. ప్రస్తుతం లేదు. నీ మాట చెల్లింది కదా, ఇంకేం బాధ?"

హార్లన్ వంతెన స్తంభాన్ని ఓ తన్ను తన్నాడు. తర్వాత, తన్నిన కాలు నిమురుకుంటూ, పట్టనట్టు అడిగాడు. "వాడేమన్నాడు?"

"టోపీ తీశాడు."

"మెరిలా? టోపీ తీశాడా?"

"తీశాడు. బట్టతల."

హార్లన్ కాలు నిమురుకోవడం మానేశాడు. గవర్నరు వచ్చి చెయ్యి కలిపినప్పుడు కూడా మెరిల్ టోపీ తీయని సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

చివరికి బేరం కుదిరింది. ఇంటి వెనక గుట్ట మీద, చలికాలం చివర మేపుల్ చెట్ల రసం కాచి పాకం తీసే షెడ్డుంది, వేసవిలో అటు ఎవరూ పోరు. హార్లన్ వెనక దారిన వెళ్ళి అందులో దాక్కోవాలి. చివరి బండి కొట్టంలోకి వెళ్ళేదాకా గుమ్మం దాటకూడదు. దగ్గకూడదు. ముఖ్యంగా అరవకూడదు.

"నేనెందుకు అరుస్తాను?" అని అరిచాడు హార్లన్.

వెర్నా ఇంటికి వచ్చేసరికి ఆడవాళ్ళంతా ముందుగదిలో చేరి ఉన్నారు. ఆమెని సోఫాలో కూలేసి చెరో పక్కా చెయ్యి పట్టుకున్నారు. లేస్తే కూచోబెట్టారు. మాట్లాడితే జోకొట్టారు. ఎవరో చేతిలో మకరోనీ పళ్ళెం పెట్టారు. హార్లన్ ఎంత మంచివాడో యూనిస్ చెప్పసాగింది. ఎవరికీ ఏ నాడూ ఎదురుమాట అనలేదట. వెర్నాకి నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకోవడానికి రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంటే భుజాలు అదిరాయి. అది చూసి గది గదంతా ఏడ్చింది.

అక్కడ షెడ్డు కిటికీలోంచి హార్లన్‌కి కొట్టం తలుపు బార్లా కనిపిస్తోంది. మొదటి బండి వచ్చింది, రెండోదీ వచ్చింది. మోపులు పైకెక్కుతున్నాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఇతరులు పని చేస్తుంటే కూర్చుని చూసే యోగం పట్టిందని అతను కాస్త సుఖపడబోతుండగానే, మోపుల్ని మెరిల్ ఎక్కడ పేర్పిస్తున్నాడో కంటపడింది.

పడమటి మూల. కొట్టం కప్పులో రేకు లేచిపోయిన మూల. వాన పడితే కుళాయి విప్పినట్టు కారే మూల. ఆ సంగతి హార్లన్‌కి, వెర్నాకి తప్ప మూడో మనిషికి తెలియదు. వెర్నా సోఫాలో ఖైదీగా ఉంది. ఊరంతా కష్టపడి, ఒక్క పరక తడవకుండా తెచ్చి, గడ్డినంతా సరిగ్గా ఆ చిల్లు కింద పేరుస్తోంది!

హార్లన్ పిడికిళ్ళు బిగించాడు, కళ్ళు మూసుకున్నాడు. తను చచ్చిపోయానని తనకే పదేపదే గుర్తుచేసుకున్నాడు. అప్పుడే దూరంగా ఉరిమింది.

"ఆ మూలన కాదర్రా!"

గుట్ట మీదినుంచి కేకలు పెడుతూ, చేతులు ఊపుతూ పరిగెత్తుకొస్తున్న హార్లన్‌ని మొదట చూసింది ఆల్డెన్. ద్వారపాలకుడిగా అన్ని ఏళ్ళ అలవాటు ఊరికే పోలేదు. చెయ్యి అడ్డం పెట్టి, "ఎవరు నువ్వు?" అన్నాడు. కేకలు విని బయటికొచ్చిన యూనిస్ చేతిలోంచి గాజుగిన్నె జారి భళ్ళుమంది. బండి మీదినుంచి ఎవరో మోపుతో సహా కింద పడ్డారు.

మెరిల్ మాత్రం కదల్లేదు. నెత్తిన టోపీ లేదు. మొహం తెల్లబోయింది, ఎర్రబడింది, మళ్ళీ తెల్లబోయింది.

"నువ్వు... బతికే ఉన్నావట్రా?"

"ఆ మూల కారుతుందిరా మెరిల్!"

"ఏ మూల?"

"పడమటి మూల! పైన రేకు లేదు!"

మెరిల్ పైకి చూశాడు. చిల్లులోంచి నల్లమబ్బు కనిపించింది. మూడేళ్ళ కోపం, ఒక పూట దుఃఖం, ఇప్పుడు పుట్టుకొచ్చిన కొత్త కోపం అన్నీ అతని నోటిదాకా ఒకేసారి వచ్చాయి. కానీ రైతు రైతే. బయట ఇంకో బండి నిండా మోపులున్నాయి.

"అన్నీ తూర్పు గోడకి మార్చండి!" అని అందరికీ అరిచి హార్లన్ వైపు తిరిగాడు. "నువ్వేంట్రా దయ్యంలా అలా నిలబడతావు? ఎత్తు!"

హార్లన్ ఎత్తాడు. ఒక కొస మెరిల్, ఒక కొస హార్లన్. చివరి బండి గుమ్మం దాటడమూ, వాన రేకుల మీద దబదబా కురవడమూ ఒక్కసారే జరిగాయి.

ఆ తర్వాత అంతా ఊపిరి పీల్చుకుని, కోపం తెచ్చుకోవడానికి తీరిక చేసుకున్నారు.

"నేను మూడుసార్లు ఏడ్చాను!" అంది యూనిస్. "మా అమ్మమ్మ గిన్నె పగిలింది. వెర్నా, నువ్వు రుమాలు వెనక నవ్వుతున్నావు కదూ?"

"మాట్లాడొద్దన్నది మీరే," అంది వెర్నా.

"అసలు నువ్వు చెప్పబోతే ఆపింది నేనే," అన్నాడు ఆల్డెన్ దిగాలుగా. "అయినా ఆ ఎండలో గడ్డి వదిలేసి ఏ రైతు వెళతాడమ్మా? అది నా తప్పా?"

అది ఆయన తప్పేనని ఎవరికీ అనిపించలేదు. అందరూ హార్లన్ వైపు అదోలా చూశారు. బతికుండి పెద్ద మోసం చేసినవాణ్ణి చూసినట్టు.

హార్లన్ బూట్ల వైపు చూసుకున్నాడు. "బ్రదర్... గడ్డి..." అని ఆగిపోయాడు. అతని నోటినుంచి బ్రదర్ అన్న మాట వచ్చి మూడేళ్ళైంది. ఆ రెండు మాటలకే అలిసిపోయాడు.

"ఊరికే పోదులే," అన్నాడు మెరిల్. "నల్లగుడ్డ ఒకసారి కప్పాక సభ పెట్టి, ప్రార్థన చదివి, పద్ధతిగానే తీయాలి. శనివారం విందుకి ముందు ఆ సభ. చచ్చినవాడు రాకపోతే కుదరదు. గోడవారగా నడిచి వస్తావు. విన్నావా? గోడవారగా. ఇంకోటి, ఈ ఏడాది బడికి నిఘంటువులు నువ్వే తీసుకెళ్ళి పంచుతావు."

"వాళ్ళ చేతుల్లో ఫోన్లుంటే..."

"హార్లన్!" అంది వెర్నా.

"పంచుతాను," అన్నాడు హార్లన్. కాసేపు వాన చప్పుడు విన్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "ట్రాక్టరు మీద వస్తూ నా గురించి ఏదో ప్రసంగం తయారుచేసుకున్నావటగా. ఆల్డెన్ చెప్పాడు. ఏమనుకున్నావు?"

మెరిల్ జేబులోంచి టోపీ తీసి నెత్తిన పెట్టుకుని, కనుబొమల దాకా లాక్కున్నాడు.

"ఇప్పుడు చెప్పను. మళ్ళీ చచ్చినప్పుడు చెప్తాలే."

శనివారం హార్లన్ హాలుకి వెళ్ళాడు. గుమ్మంలో ఆల్డెన్ సంకేతపదం అడిగితే చెప్పలేక, మూడేళ్ళ కిందటిది చెప్పి తిట్లు తిన్నాడు. గోడవారగా, గోడకి భుజం రాసుకునేంత వారగా, హాలంతా చుట్టి వెళ్ళి కూర్చున్నాడు. లేచేసరికి భుజం నిండా తెల్లరంగు, వెర్నా ఆ పొద్దున్నే గోడకి వేసిన రెండో పూతది. విందులో వెర్నా వడ్డించిన మకరోనీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అందరికీ అది ఎక్కడో చూసినట్టనిపించింది.

మరుసటి వారం పొద్దున్నే ఫోన్ మోగింది. యూనిస్. గిన్నె సంగతి కాబోలని వెర్నా క్షమాపణ మొదలుపెట్టబోయింది. యూనిస్ ఆమెని చెప్పనివ్వలేదు. తమ కింది పొలంలో గడ్డి కోసి ఉందట, బేలర్ మొండికేసిందట, రేడియోలో మళ్ళీ వాన అంటున్నారట.

"ఏం లేదు, ఊరికే అడుగుతున్నాననుకో," అంది యూనిస్ గొంతు తగ్గించి. "ఆ నల్లగుడ్డ మళ్ళీ ఏ అరలో పెట్టావు?"